అడాజియో అంటే ఎంత నెమ్మది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రెండే రెండు చిన్న కృతుల గురించి. ఒకటి మొజార్ట్ ‘ఆవె వెరుమ్ కోర్పుస్’ (ఆయన కృతుల జాబితాలో కె. 618). ఆయన చనిపోయిన ఏడాదే, 1791 జూన్‌లో, వియన్నా దగ్గరి బాడెన్ చర్చిలో క్వయర్ నడిపే ఆంటోన్ స్టోల్ కోసం రాశాడు. నాలుగు గొంతులు, తీగవాద్యాలు, ఆర్గన్, మొత్తం 46 బార్లు (స్కోరులో నిలువుగీతల మధ్య గళ్లు), డి స్వరం ఆధారంగా నడిచే డి మేజర్ కీ. రెండోది బ్రుక్నర్ ‘లోకుస్ ఇస్తె’. 1869లో ఆస్ట్రియాలోని లింట్స్ కొత్త కెథెడ్రల్‌లోని చాపెల్ ప్రతిష్ఠ కోసం రాసింది. ఇందులో వాద్యాలు లేవు, నాలుగు గొంతులే; 48 బార్లు; సి మేజర్. మొదటిదాని మీద ‘అడాజియో’ (నెమ్మదిగా) అని ఉంటే, రెండోదాని మీద ‘అల్లెగ్రో మోడెరాటో’ (ఓ మోస్తరు వేగంగా) అని ఉంది. క్వయర్లు మాత్రం రెండింటినీ ఒకే నడకలో ఈడుస్తున్నాయని ఉత్తరాలు చదివితే తెలిసిపోతోంది.

ప్రశ్న: మా క్వయర్ ‘ఆవె వెరుమ్’ను మెట్రోనోమ్ 44 మీద (నిమిషానికి 44 దెబ్బలు) పాడుతోంది. సోప్రానోలకు (పై గొంతు పాడేవాళ్లకు) ఊపిరి చాలడం లేదు. కొంచెం వేగం పెంచుదామంటే, అడాజియో అంటే నెమ్మదే కదా, భక్తి పోతుంది అంటున్నారు మా కండక్టర్. ఎవరిది సరి?

ఊపిరి చాలనివాళ్లదే సరి. మీ 44 క్రోచెట్‌కు పెట్టింది. మొజార్ట్ చెప్పిన అడాజియో మినిమ్‌కు, అంటే రెండు క్రోచెట్ల నిడివి ఉన్న స్వరానికి. స్కోరు మొదట్లో టైమ్ సిగ్నేచర్ చూడండి. ‘సి’ అక్షరం మీద నిలువుగీత ఉంటుంది. అంటే బార్‌కు నాలుగు క్రోచెట్ల లెక్క కాదు, రెండు మినిమ్‌ల లెక్క. నెమ్మదిగా నడవాల్సింది మినిమ్. ఆ గీతను పట్టించుకోకుండా క్రోచెట్‌కు అడాజియో పెడితే పాట వేగం బాగా పడిపోతుంది. మీకు జరిగింది అదే.

లెక్క వేసి చూద్దాం. 46 బార్లంటే 92 మినిమ్‌లు. క్రోచెట్ 44 అంటే మినిమ్ 22. ఆ వేగంలో పాట నాలుగు నిమిషాల పది సెకన్లు దాటుతుంది. మినిమ్ 30, అంటే క్రోచెట్ 60 పెడితే మూడు నిమిషాల నాలుగు సెకన్లు. గాయకుల మీద పడే భారం ఇంకా స్పష్టంగా కనబడాలంటే మొదటి వాక్యం చూడండి. ‘ఆవె, ఆవె వెరుమ్ కోర్పుస్’ నాలుగు బార్లు, ఎనిమిది మినిమ్‌లు. మినిమ్ 30లో అది 16 సెకన్లు. 22లో దాదాపు 22 సెకన్లు. మెత్తగా, నిలకడగా 22 సెకన్లు ఒకే ఊపిరిలో పాడగలిగే సోప్రానోలు బాగా సాధన చేసిన క్వయర్లలో కూడా కొందరే. మిగతావాళ్లు మాట మధ్యలో ఊపిరి తీసుకుంటారు, వాక్యం ముక్కలైపోతుంది. మీ కండక్టర్ కాపాడాలనుకున్న భక్తి పోయేది సరిగ్గా అక్కడే.

మా అంచనాలో ఈ కృతికి మినిమ్ 28 నుంచి 34 దాకా సరిపోతుంది. 28లో మూడుంబావు నిమిషాలు, 34లో రెండు నిమిషాల నలభై సెకన్లు పైచిలుకు. ఆ మధ్యలో ఎక్కడ నిలవాలో మీ క్వయరే చెబుతుంది. ముందు లాటిన్ మాటలను స్వరం లేకుండా, స్కోరులోని లయలోనే, మామూలు గొంతుతో అందరిచేతా చదివించండి. నాలుక ఎక్కడా సాగకూడదు, తడబడకూడదు. తర్వాత ఆ మొదటి నాలుగు బార్లను మెత్తగా ఒకే ఊపిరిలో పాడించండి. సగం మందికి పైగా చివరి మాట దాకా రాగలిగిన వేగమే మీ నెమ్మదికి హద్దు. అంతకంటే తగ్గించాలంటే గాయకుల సంఖ్య పెంచి, వంతులవారీగా ఊపిరి తీసుకునేలా ముందే పేర్లు రాసి పెట్టుకోవాలి.

ఇంకో ఇబ్బంది కూడా వస్తుంది. పాత కీ ఇచ్చే మెట్రోనోమ్‌లు సాధారణంగా 40 దగ్గర మొదలవుతాయి, కాబట్టి మినిమ్ 30 నేరుగా దొరకదు. 60 పెట్టి, టిక్కులను రెండేసి చొప్పున ఒక దెబ్బగా వినండి. చేత్తో చూపించేటప్పుడు రెండు సెకన్లకు ఒక దెబ్బ అంటే చెయ్యి గాలిలో తేలిపోతుంది, గాయకులకు ఆనవాలు దొరకదు. అందుకని చిన్నగా నాలుగు చూపించినా తప్పులేదు. రెండో, నాలుగో దెబ్బలకు మాత్రం బరువు ఇవ్వకూడదు.

ప్రశ్న: మా దగ్గరున్న రెండు ‘ఆవె వెరుమ్’ ప్రతుల్లో మెట్రోనోమ్ అంకెలు వేర్వేరుగా ఉన్నాయి. ఏది నమ్మాలి?

మొజార్ట్ విషయంలో రెండూ నమ్మనక్కర్లేదు. మెల్‌ట్సెల్ మెట్రోనోమ్‌కు పేటెంట్ వచ్చింది 1815లో. అప్పటికి మొజార్ట్ పోయి ఇరవై ఏళ్లు దాటింది. కాబట్టి ఆ అంకెలు ప్రతిని సిద్ధం చేసిన సంపాదకులవి. సలహాగా తీసుకోవచ్చు, అంతే. తర్వాతి తరం సంగతి వేరు. ఉదాహరణకు ఫ్రెంచ్ స్వరకర్త ఫోరే రాసిన రెక్వియమ్ (మృతుల కోసం పాడే ప్రార్థనా సంగీతం) స్కోరులో తొలి భాగానికి క్రోచెట్ 40 అనీ, కాసేపటికి నడక మారినచోట 72 అనీ అచ్చయి ఉంది. అక్కడ అంకెను పక్కనపెట్టాలంటే మంచి కారణం చూపించాలి.

ప్రశ్న: ‘ఆవె వెరుమ్’ పూర్తయ్యేసరికి మేం డి మేజర్‌లో ఉండం. ఆర్గన్ లేకుండా రిహార్సల్ చేస్తే దాదాపు సెమిటోన్ (పియానో మీద పక్క మీట దూరం) దిగిపోతాం. ఎక్కడ జారుతున్నామో పట్టుకోలేకపోతున్నాం.

మూడు నాలుగు చోట్ల కొద్దికొద్దిగా జారుతుంటారు. రిహార్సల్‌ను ఫోన్‌లో రికార్డు చేసి, ట్యూనర్ యాప్ దగ్గర పెట్టి వినండి. సెమిటోన్ అంటే వంద సెంట్లు. ‘ప్రో హోమినె’ దగ్గర పాట ఎ మేజర్‌కు చేరి ఆగుతుంది. అక్కడి బాస్ (అడుగు గొంతు) స్వరాన్ని కొలిస్తే అప్పటికే ఎంత పోయిందో తెలుస్తుంది. ఇరవై, ముప్పై సెంట్లు పోయి ఉంటే జబ్బు మొదటి పేజీలోనే ఉందన్నమాట.

మొదటి అనుమానితురాలు రెండో ‘ఆవె’. సోప్రానో అక్కడ ఎ నుంచి జి షార్ప్‌కు, దాన్నుంచి జి నాచురల్‌కు, అంటే మామూలు జి కి, దిగుతుంది. ఈ కృతి రుచి అంతా ఆ రెండు చిన్న అడుగుల్లోనే ఉంది, ప్రమాదమూ అక్కడే. సెమిటోన్ దిగేటప్పుడు గొంతు ఎప్పుడూ కాస్త పెద్ద అడుగే వేస్తుంది. జి షార్ప్ పది సెంట్లు తగ్గితే జి ఇంకో పది తగ్గుతుంది, మిగతా మూడు గొంతులూ మర్యాదగా దాని వెనకే దిగిపోతాయి. దిద్దే పద్ధతి ఇదీ. ముందు జి షార్ప్‌ను తీసేసి ఎ, జి, ఎ, జి అని మాత్రమే పాడించండి. కింద ఎవరో ఒకరు డి స్వరాన్ని నిలిపి పట్టుకోవాలి. జి ఎక్కడ నిలవాలో చెవికి స్థిరపడ్డాక మధ్యలో జి షార్ప్‌ను చేర్చండి. దాన్ని ఎ కిందికి దిగిన స్వరంగా కాకుండా, ఎ పక్కనే ఆనుకుని ఉన్న స్వరంగా అనుకోమనండి. రోజుకు ఐదు నిమిషాలు చాలు. కానీ పాట మొత్తం పాడించి, ‘శ్రుతి తగ్గుతోంది, పైకి పాడండి’ అని అరవడం వల్ల ఏ ఫలితమూ ఉండదు. గొంతులు బిగుసుకుని ఇంకా జారతాయి.

రెండోది ఒకే స్వరం మీద వరసగా వచ్చే అక్షరాలు. లోపలి గొంతులకు, అంటే ఆల్టో, టెనర్‌లకు ఇలాంటివి ఎక్కువ. అదే స్వరం కదా అని శ్రద్ధ సడలుతుంది. ప్రతి అక్షరానికీ స్వరం ఒక్క పిసరు దిగుతుంది. ప్రతి కొత్త అక్షరాన్నీ కొత్త స్వరంలా, పైనుంచి వచ్చి అందుకున్నట్టు పాడమనాలి. ‘కోర్పుస్’లోని ‘ఉ’ లాంటి ముదురు అచ్చులు శ్రుతిని వినికిడికి ఇంకా తక్కువగా చూపిస్తాయి. పెదవులు ముందుకు గుండ్రంగా పెట్టి, నోటి వెనక భాగం తెరిచి ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది.

మూడోది మెత్తదనం. దీని గురించి కింద విడిగా చెప్పాం. మెత్తగా పాడమంటే ఊపిరి వేగాన్నే తగ్గించేసేవారు చాలామంది. శబ్దం తగ్గొచ్చు, పొట్ట కండరాల ఆసరా మాత్రం తగ్గకూడదు.

నాలుగో కారణం గణితం. గాయకుల తప్పు కాదు. పియానో మీద డి నుంచి ఎఫ్ షార్ప్‌కు దూరం 400 సెంట్లు. చెవికి పూర్తిగా కలిసిపోయే మేజర్ థర్డ్ 386 సెంట్లు. మంచి చెవి ఉన్న క్వయర్ తోడు లేకుండా పాడితే తెలియకుండానే 386 వైపు వెళుతుంది. అది బాగుంటుంది కూడా. కానీ ప్రతి హార్మనీనీ ముందుదానితో ఉమ్మడిగా ఉన్న స్వరాన్ని పట్టుకుని స్వచ్ఛంగా కలుపుకుంటూ పోతే, కొన్ని వరసలు తిరిగి మొదటికి వచ్చేసరికి 22 సెంట్ల దాకా దిగిపోతాయి. కీలోని ఒకటో స్వరం మీది హార్మనీ, ఆరో దాని మీది, రెండు, ఐదు, మళ్లీ ఒకటి అనే వరస ఇందుకు పేరుమోసింది. విరుగుడు ఏమిటంటే, బాస్ గొంతులు తమ స్వరాన్ని పక్కవాళ్లకు సర్దకుండా పియానో కొలతలోనే నిలబెట్టాలి. పై గొంతులు వాళ్లకు సర్దుకోవాలి. ఎవరు ఎవరిని వినాలో ఈ వరస ఒక్కసారి తేలిపోతే సగం జారుడు ఆగిపోతుంది.

ఇక, ఆర్గన్‌తో పాడినప్పుడు మీకు సమస్య కనబడకపోవడానికి కారణం అది మాయమవడం కాదు. రెండు పద్యభాగాల మధ్య వాద్యాల చిన్న ఇంటర్‌లూడ్ ఉంది. దిగిపోయిన క్వయర్ అది విని, ‘కుయుస్ లాతుస్’ దగ్గర పైకి గెంతుతుంది. వినేవాళ్లకు ఆ గెంతు చక్కగా తెలుస్తుంది, మొహమాటానికి చెప్పరు. కాబట్టి రిహార్సల్‌లో అక్కడే ఆగి, క్వయర్ స్వరాన్నీ ఆర్గన్ స్వరాన్నీ పక్కపక్కన వినిపించండి.

ప్రశ్న: డి మేజర్ విజయోత్సాహాల కీ అని చదివాం. ఇంత శాంతమైన పాట ఆ కీలో ఎందుకు? మా వాళ్లకు పై స్వరాలు కష్టం. సి మేజర్‌కు దించితే భావం చెడుతుందా?

మీరు చదివింది పద్దెనిమిదో శతాబ్దపు మాట. షూబార్ట్ అనే జర్మన్ రచయిత డి మేజర్‌ను జయధ్వానాల, హల్లెలూయాల, యుద్ధనాదాల కీ అన్నాడు. దానికి ఆధారం ఊహ కాదు, వాద్యాలు. ఆ కాలపు ట్రంపెట్లకు వాల్వులు లేవు. డి లో చేసిన ట్రంపెట్ డి మేజర్ స్వరాలే తేలిగ్గా పలికేది. దానికి తోడు నగారాలు. చర్చిలో పెద్ద పండుగ అంటే డి మేజర్ అన్న అలవాటు అలా ఏర్పడింది. మొజార్ట్ ఈ కృతిలో ట్రంపెట్లు, నగారాలు పెట్టలేదు. ఆ కీకి రెండో గుణం ఒకటుంది, దాన్ని వాడుకున్నాడు. వయొలిన్, వయొలా, చెల్లో, మూడింటికీ డి, ఎ తీగలు ఉన్నాయి. ఆ తీగలను ముట్టుకోకపోయినా డి మేజర్‌లో అవి తోడుగా కంపిస్తాయి. మెల్లగా వాయించినా శబ్దం నిండుగా ఉంటుంది.

కీకి పుట్టుకతో ఒక భావం ఉంటుందన్న మాటను మేం పెద్దగా నమ్మం. భావం ఎక్కువగా పుట్టేది ఒక కీ నుంచి ఇంకో కీకి వెళ్లడంలో. ఇందులో దానికి మంచి చోటు ఉంది. పక్కను పొడిస్తే నీరు, రక్తం కారాయని చెప్పే ‘కుయుస్ లాతుస్ పెర్ఫొరాతుమ్’ దగ్గర పాట ఎఫ్ మేజర్ వైపు తిరుగుతుంది. అప్పటిదాకా చెవిలో ఉన్న ఎఫ్ షార్ప్, సి షార్ప్ పోయి, నాచురల్ స్వరాలు వస్తాయి. గాయం అన్న మాటకు శబ్దం పెంచకుండా, వెలుగు మాత్రం మార్చాడు. అక్కడ వేగం తగ్గించొద్దు, గొంతు పెంచొద్దు. ఆ కొత్త స్వరాలను కచ్చితంగా పలికిస్తే చాలు. పాట మొత్తాన్ని ఏ కీకి మార్చినా ఈ మలుపు చెక్కుచెదరదు.

కాబట్టి దించవచ్చు. ఎంత దించాలన్నదే ప్రశ్న. ఇప్పటి ఎ స్వరం 440 హెర్ట్జ్. మొజార్ట్ కాలపు వాద్యాలతో వాయించే బృందాలు తరచు 430 దగ్గర శ్రుతి చేస్తాయి. అంటే దాదాపు 40 సెంట్లు తక్కువ. సెమిటోన్ దించడాన్ని అందుకే ఎవరూ అపచారమనరు. అయితే తీగవాద్యాలు ఉంటే డి ఫ్లాట్ మేజర్ ఇవ్వకండి. అయిదు ఫ్లాట్లు, తీగలు పెద్దగా తోడు కంపించవు, వాద్యకారులు మిమ్మల్ని క్షమించరు. కీబోర్డు మాత్రమే ఉంటే ట్రాన్స్‌పోజ్ మీట నొక్కితే సరి. ఒక పూర్తి టోన్ దించి సి మేజర్‌కు వెళితే సోప్రానోలకు సుఖమే, బాస్‌లకు కష్టం. వాళ్ల అడుగు స్వరాలు మెత్తగా పాడితే అసలు వినబడవు. ముందు ఒక పని చేసి చూడండి. రిహార్సల్‌లో సెమిటోన్ పైకి పెట్టి, ఆ తర్వాత డి లోకి రండి. కష్టం పై స్వరాలది కాదనీ, నెమ్మది వేగంలో ఊపిరి అయిపోవడమేననీ చాలా క్వయర్లకు అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న: ‘లోకుస్ ఇస్తె’ మీద అల్లెగ్రో మోడెరాటో అని చూసి ఆశ్చర్యపోయాం. మేం విన్న రికార్డింగులన్నీ నెమ్మదిగానే ఉన్నాయి. అచ్చుతప్పా?

అచ్చుతప్పు కాదు. ఈ స్థలాన్ని దేవుడే చేశాడు, ఇది వెలకట్టలేని సంస్కారం, దీనికి నిందలేదు అనే ఈ మాటలు ఒక భవనాన్ని ప్రతిష్ఠించేటప్పటివి. అందులో దుఃఖం లేదు. నిబ్బరంగా నిలబడి చెప్పే మాట అది. 48 బార్లు, బార్‌కు నాలుగు క్రోచెట్లు, మొత్తం 192. క్రోచెట్ 52లో మూడు నిమిషాల నలభై సెకన్లు, 72లో రెండు నిమిషాల నలభై. మేమైతే 66కీ 76కీ మధ్య ఎంచుకుంటాం. ‘ఇనెస్తిమాబిలె’ మాట రెండోసారి ఇంకాస్త పైకెక్కి, గట్టిగా వస్తుంది. నెమ్మది వేగంలో ఆ ఎక్కడం మెట్లు ఎక్కినట్టు ఆయాసంగా ఉంటుంది.

వేగాన్ని హాలును బట్టి నిర్ణయించమనడానికి ఈ కృతిలోనే ఒక కొలబద్ద ఉంది. ముగింపుకు ముందు అందరూ ఆగిపోతారు, అయిదు క్రోచెట్ల మౌనం. క్రోచెట్ 72లో అది నాలుగు సెకన్ల పైచిలుకు. పెద్ద రాతి చర్చిలో ప్రతిధ్వని పూర్తిగా అణగడానికి దాదాపు అంతే పడుతుంది. చప్పట్లు కొట్టి, ధ్వని పోయేదాకా సెకన్లు లెక్కపెట్టండి. మూడు నాలుగు సెకన్లు మోగే హాలైతే 66 వైపు ఉండండి. ఒక సెకనులోనే ఆగిపోయే పొడి గదైతే 76కు వెళ్లండి, లేకపోతే ఆ మౌనం ఎవరో పేజీ తిప్పడం మరిచిపోయినట్టుంటుంది. మౌనాన్ని కుదించడం మాత్రం వద్దు. లోపల లెక్క ఆగకూడదు.

శ్రుతి ప్రమాదం ఇక్కడ మధ్య భాగంలో. ‘ఇర్రెప్రెహెన్సిబిలిస్ ఎస్త్’ అన్నచోట బాస్‌లు ఆగిపోతారు. పై మూడు గొంతులే, మెత్తగా, సెమిటోన్ అడుగుల్లో నడుస్తాయి. కింద ఆధారం లేని క్రోమాటిక్ నడకలో క్వయర్ జారకపోతే వింత. ఆ తర్వాత తొలి మాటలతో బాస్‌లు తిరిగొస్తారు. వాళ్లు అసలు సి ని గుర్తుంచుకుని వస్తే మిగతావాళ్లతో గొడవ, జారిన సి తో వస్తే పాటంతా కిందికి. రిహార్సల్‌లో ఆ మధ్య భాగాన్ని టెనర్లతో మాత్రమే ముందు పాడించండి. అక్కడ వాళ్లే అడుగు గొంతు. టెనర్ స్థిరపడ్డాక ఆల్టో, చివరికి సోప్రానో.

ప్రశ్న: ‘ఆవె వెరుమ్’లో ‘సొట్టో వోచె’ అని మొదట్లో ఉంది, తర్వాత ఇంకే గుర్తూ లేదు. మొత్తం పాట గుసగుసలాగే పాడాలా?

గుసగుస కాదు. స్వరతంత్రులు పూర్తిగా కలిసి, గొంతు తగ్గించి పాడటం. గాలి శబ్దం వినబడితే అది తప్పు సొట్టో వోచె, శ్రుతి కూడా దానితోనే పోతుంది. ‘త’, ‘ప’, ‘క’ లాంటి హల్లులు హాలు చివరి వరసకు స్పష్టంగా చేరుతున్నాయో లేదో ఒకరిని అక్కడ కూర్చోబెట్టి చూసుకోండి.

వేరే గుర్తులు లేవు కాబట్టి ఏమీ మారకూడదనీ కాదు. ‘ఎస్తో నోబిస్’ దగ్గర ఆడగొంతులు ముందు, మగగొంతులు వెనక అందుకుంటాయి. అప్పటిదాకా నాలుగు గొంతులూ దాదాపు ఒకే మాటను ఒకేసారి పలికాయి కాబట్టి, ఈ ఒక్క మార్పుకే పాట కదిలినట్టవుతుంది. వెనక వచ్చేవాళ్లు ముందువాళ్లను మించకుండా, వాళ్లతో సమానంగా వస్తే చాలు. మరణ పరీక్ష గురించి చెప్పే ‘ఇన్ మోర్తిస్ ఎగ్జామినె’ రెండుసార్లు వస్తుంది. రెండోసారి వాక్యం ఎక్కువ సాగుతుంది. అక్కడ గొంతు దానంతట అది మధ్యస్థాయికి పెరగనివ్వండి. ఫోర్టె (గట్టి గొంతు) దాకా తీసుకెళ్లే రికార్డింగులు ఉన్నాయి, మాకు నచ్చవు.

ప్రశ్న: ‘ఆవె వెరుమ్’ చివర్లో రిటార్డాండో (క్రమంగా నెమ్మదించడం) ఎంత?

క్వయర్‌కు చాలా కొంచెం. గాయకులు ఆగాక వాద్యాలు ఇంకో మూడు బార్లు వాయించి ముగిస్తాయి. క్వయర్ తన ఆఖరి స్వరం దగ్గరే పాటను ఆపేసేంత నెమ్మదిస్తే, ఆ మూడు బార్లు అనవసరపు తోకలా వేలాడతాయి. గాయకులు దాదాపు అదే నడకలో ముగించాలి, నెమ్మదించే పని వాద్యాలకు వదిలేయాలి. ఆర్గన్ ఒక్కటే ఉంటే, వాయించేవారు క్వయర్ చివరి అక్షరం ‘నె’ పూర్తిగా పలికేదాకా వేగం మార్చకుండా చూసుకుని, ఆఖరి బార్ లో మాత్రమే చెయ్యి సడలించాలి.